తిప్పినట్టు చార్టులో ఉంది, పుండ్లు మాత్రం తగ్గలేదు: వార్డులో ఏం కొలవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 30 పడకల మెడిసిన్ వార్డు. నెలకు అయిదారు పడక పుండ్లు, అంటే కదలకుండా పడుకున్నవాళ్లకు ఒత్తిడి వల్ల వచ్చే గాయాలు, కొత్తగా వస్తున్నాయి. రెండు గంటలకోసారి పేషెంటును మంచం మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పినట్టు చార్టులో టిక్కులన్నీ ఉన్నాయి. దీనిమీద చిన్న పరిశోధన చేయమన్నారు. స్టాఫ్ నర్సులకు 30 ప్రశ్నల పేపరు ఇచ్చి, ఒక క్లాసు చెప్పి, వారం తర్వాత అదే పేపరు మళ్లీ ఇస్తే సరిపోతుందా?

సరిపోదు. వారం తేడాతో అదే పేపరు రెండోసారి రాస్తే మార్కులు ఎలాగూ పెరుగుతాయి. క్లాసు వల్ల పెరిగాయో, ప్రశ్నలు గుర్తుండి పెరిగాయో విడదీయలేరు. పోల్చి చూడటానికి క్లాసు వినని బృందమూ ఉండదు. ఇవన్నీ సరిచేసుకున్నా అసలు లోపం అలాగే ఉంటుంది. కదలలేని మనిషిని తిప్పాలని తెలియని నర్సు లేదు. తెలిసి కూడా ఎందుకు జరగడం లేదన్నదే మీరు తేల్చుకోవాల్సింది. 'తెలుసా' అని అడిగే పేపరు దాని దరిదాపుల్లోకి రాదు. చివర్లో 'నర్సులకు ఇంకా శిక్షణ అవసరం' అని రాస్తారు, తప్పు మొత్తం వాళ్ల నెత్తిన పడుతుంది, వార్డు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ముందు ఒక లెక్క వేయండి. మీ 30 మందిలో సొంతంగా పక్కకు ఒరగలేనివాళ్లు 10 మంది అనుకుందాం. 12 గంటల నైట్ డ్యూటీలో రెండు గంటలకోసారి అంటే ఒక్కొక్కరిని 6 సార్లు, మొత్తం 60 సార్లు తిప్పాలి. ప్రతిసారీ ఇద్దరు కావాలి. కర్టెన్ లాగడం, ట్యూబులు సర్దడం, తిప్పడం, దిండ్లు పెట్టడం, చర్మం చూడటం, షీటు తడిస్తే మార్చడం, చేతులు శుభ్రం చేసుకోవడం, ఇన్నింటికీ కలిపి 5 నిమిషాలు అనుకోండి. 60 సార్లు, 5 నిమిషాలు, ఇద్దరు: 600 నిమిషాలు, అంటే 10 గంటలు. రాత్రి ఇద్దరే నర్సులుంటే వాళ్లిద్దరి చేతిలో ఉన్న మొత్తం సమయం 24 గంటలు. అందులో 10 ఈ ఒక్క పనికే పోతాయి. మిగతా 14 గంటల్లో 30 మంది మందులు, ఇంజెక్షన్లు, సెలైన్లు, బీపీలు, కొత్త అడ్మిషన్లు, కేస్ షీట్లు. ఈ లోపు ఒకరికి ఊపిరి ఆడకపోతే ఆ గంట మొత్తం అక్కడే.

ఆ 5 నిమిషాలు నేను ఉదాహరణకు తీసుకున్న అంకె. మీరు మాత్రం కనీసం 20 సార్లు స్టాప్‌వాచీతో కొలవండి. బరువున్నవాళ్లు, తేలికైనవాళ్లు, కాథెటర్లు డ్రెయిన్లు ఉన్నవాళ్లు, విరేచనం అయి ఉన్నవాళ్లు అందరూ ఆ 20లో పడాలి. ఆసుపత్రి యాజమాన్యం మీ నివేదికలో ఒక్క పేజీయే చదివితే అది ఈ కొలతల పట్టిక ఉన్న పేజీ కావాలి.

పని మిగిలిపోవడం గురించి నర్సింగ్ పరిశోధనలో గట్టి పునాదే ఉంది. అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు బియాట్రిస్ కాలిష్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రుల్లో తరచూ వదిలేయాల్సి వస్తున్న పనులు తొమ్మిది తేలాయి: పేషెంటును నడిపించడం, తిప్పడం, వేళకు తినిపించడం, జాగ్రత్తలు నేర్పడం, డిశ్చార్జికి సిద్ధం చేయడం, ధైర్యం చెప్పడం, ఒళ్లు శుభ్రం చేయడం, ఇన్‌టేక్-అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) రాయడం, పేషెంటును గమనిస్తూ ఉండటం. తిప్పడం అందులో ఉంది, మందులు ఇవ్వడం లేదు. ఎందుకో వార్డులో పనిచేసేవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. యాంటీబయాటిక్ డోసు తప్పితే పొద్దున రౌండ్స్‌లో అడుగుతారు. ఒకసారి తిప్పకపోతే ఆ రాత్రి ఎవరికీ తెలియదు. లోపలి కండ దెబ్బతిన్నా చర్మం మీద కనిపించడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, అప్పటికి డ్యూటీలో ఉండేది వేరేవాళ్లు. కాబట్టి సమయం చాలనప్పుడు ముందు జారిపోయేది ఇదే. దాన్ని బద్ధకం అని రాస్తే పరిశోధన అక్కడే తప్పుదారి పడుతుంది.

ఇప్పుడు కొలత. మీ దగ్గరున్న చార్టునే మొదట దగ్గర పెట్టుకుని చూడండి. పది మంది చార్టులు పక్కపక్కన పరిస్తే ఒక రాత్రివి ఇలా కనిపిస్తాయి: 10.00, 12.00, 2.00, 4.00, పదింటిలోనూ సరిగ్గా అవే సమయాలు, ఒకే ఇంకు, ఒకే వాలు. ఇద్దరు నర్సులు పదిమందిని ఒకే నిమిషంలో తిప్పలేరు. ఒక్కొక్కరికి 5 నిమిషాలు పడితే మొదటివాళ్లది 10.00 అయినప్పుడు చివరివాళ్లది 10.45 కావాలి. అంటే ఆ కాగితం చెబుతున్నది ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తిప్పారో కాదు. ఫారం మీద సమయాలు ముందే అచ్చు వేసి పక్కన టిక్కు గడి పెడితే ఎవరైనా అలాగే నింపుతారు. ముందు ఫారం మార్చండి: సమయం రాయడానికి ఖాళీ గడి, భంగిమ గడి, చర్మం ఎలా ఉందో రాసే గడి. ఆ మూడు చాలు.

అసలు జరుగుతున్నది తెలియాలంటే గంటకోసారి వార్డంతా తిరిగి చూడాలి. పరిశీలకురాలు ఆ వార్డు నర్సు కాకూడదు. కదలలేని పేషెంట్ల జాబితా పట్టుకుని, ప్రతి మంచం దగ్గర ఒక్క అక్షరం రాస్తే చాలు: వెల్లకిలా 'వె', ఎడమ పక్క 'ఎ', కుడి పక్క 'కు', కూర్చుని 'కూ'. పదిమందిని చూడటానికి పది నిమిషాలు పట్టదు. వరసగా నాలుగు రౌండ్లు ఒకే అక్షరం పడితే ఆ మనిషి మూడు గంటలుగా కదల్లేదన్నమాట. దీన్నే మీ నిర్వచనంగా పెట్టుకోండి. రెండు రౌండ్ల మధ్యలో తిప్పి మళ్లీ వెనక్కి తెచ్చే సందర్భం ఉండొచ్చు, కానీ అరుదు. అనుమానం వస్తే అప్పుడే అడిగి రాసుకోవచ్చు.

వారానికి రెండు షిఫ్టులు, ఒక పగలు, ఒక రాత్రి, చీటీ తీసి ఎంచుకోండి. సెలవు రోజులూ ఆ చీటీల్లో ఉండాలి. మీకు వీలైన రోజులే ఎంచుకుంటే స్టాఫ్ బాగా ఉన్న రోజులే పడతాయి. ఎవరో చూస్తున్నారని తెలిస్తే మొదట్లో అందరూ ఎక్కువ తిప్పుతారు, అది సహజం. అందుకే మొదటి రెండు వారాల అంకెలు లెక్కలోకి తీసుకోకండి. ప్రతి షిఫ్టుకూ ఇంకో మూడు సంగతులు రాయండి: వార్డులో ఎంతమంది పేషెంట్లు, వాళ్లలో కదలలేనివాళ్లు ఎంతమంది, నర్సులు నిజంగా ఎంతమంది ఉన్నారు. రోస్టరులో ముగ్గురుండి ఒకరు పేషెంటును స్కానింగుకి తీసుకెళ్లి గంటకు తిరిగొస్తే ఆ గంటకు ఉన్నది ఇద్దరే. గంటగంటకూ రాస్తేనే ఇది బయటపడుతుంది.

పుండ్లు లెక్కపెట్టే దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అడ్మిషన్ అప్పుడు చర్మం చూడకపోతే ఇంటినుంచి వచ్చిన పుండు కూడా మీ ఖాతాలో పడుతుంది. వార్డుకు వచ్చిన 8 గంటల లోపు తల వెనుక నుంచి మడమల దాకా చూసి రాయాలి. మూత్రం, విరేచనం తడికి చర్మం ఒరిసిపోవడాన్ని పడక పుండుగా రాయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. తడి వల్ల వచ్చేది పిరుదుల మీద, గజ్జల్లో, పిరుదుల మధ్య గీతలో పరుచుకుని ఉంటుంది, అంచులు తీరుగా ఉండవు, లోతు ఉండదు. ఒత్తిడి వల్ల వచ్చేది ఎముక పొడుచుకున్న చోట ఉంటుంది: నడుము కింద, వెన్ను చివర ఉండే త్రికం ఎముక దగ్గర, మడమ, తుంటి, చీలమండ. ట్యూబుల కింద వచ్చేవీ ఇందులోకే వస్తాయి. ఆక్సిజన్ ట్యూబు చెవి వెనుక, మాస్కు ముక్కు దూలం మీద చేసే గాయాలు దుప్పటి ఎత్తి చూసేవాళ్లకు కనబడవు. ఆ చోట్లు రోజుకు కనీసం రెండుసార్లు ట్యూబు కదిపి చూడాలి.

పడక పుండు మొదటి దశ అంటే చర్మం చిట్లకుండా ఎర్రబడి, వేలితో నొక్కితే తెల్లబడకపోవడం. ముదురు రంగు చర్మం మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చు. అక్కడ చేతి వెనుక వైపుతో తాకి, పక్క చర్మంతో పోల్చండి: వేడిగా లేదా చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, నొప్పి అంటున్నారా. కంటిచూపు మీదే ఆధారపడితే మొదటి దశ తప్పిపోతుంది, నేరుగా రెండో దశ, అంటే చర్మం ఊడాకే, లెక్కలోకి వస్తుంది.

ఇద్దరు పరిశీలకులు ఒకరికొకరు చెప్పుకోకుండా అవే 50 మందిని చూసి, ఎంతవరకు కలిశారో ముందే తేల్చుకోండి. ఇక్కడ శాతం మోసం చేస్తుంది. ఇద్దరూ చెరో 6 మందిలో పుండు ఉందన్నారు, కానీ ఉమ్మడిగా చెప్పింది 3 మందినే అనుకోండి. ఏమీ లేదని ఇద్దరూ అన్నవాళ్లు 41. కలిపితే 44, అంటే 88 శాతం అంగీకారం. వినడానికి బాగుంటుంది. యాదృచ్ఛికంగా కలిసేదాన్ని తీసేసే కప్పా విలువ కడితే అది 0.43 మాత్రమే. ఆ స్థితిలో మొదలుపెడితే మీరు కొలిచేది పుండ్లను కాదు, చూసిన మనిషి అలవాటును. ఫొటోలు పెట్టుకుని, తేడా వచ్చిన కేసులు కలిసి చూసి, మళ్లీ 50 మందిని కొలవండి.

పడక పుండు వచ్చే ప్రమాదాన్ని అంచనా వేసే బ్రేడెన్ స్కోరు వాడుతున్నామన్నారు, మంచిదే. ఆరు అంశాలు, మొత్తం 6 నుంచి 23, 18 లేదా తక్కువైతే ప్రమాదం ఉన్నట్టు. కానీ మొత్తం ఒక్కటే రాసి వదిలేస్తే లాభం లేదు. 16 వచ్చిన ఇద్దరిలో ఒకరికి సమస్య తడి కావచ్చు, ఇంకొకరికి కదలిక. మొదటివారిని ఎన్నిసార్లు తిప్పినా తడి ఆరదు. ఏ అంశంలో 1 లేదా 2 పడిందో దానికి పని రాయాలి. నిన్నటి స్కోరునే ఈరోజూ ఎక్కించడం ఇంకో జబ్బు. జ్వరం వచ్చి మత్తుగా ఉన్న మనిషికి నిన్నటి 17 ఈరోజు పనికిరాదు.

మీ ప్రధాన కొలతగా పుండ్ల సంఖ్యను పెట్టుకోవద్దు. సగటున రోజుకు 27 మంది ఉంటే 30 రోజులకు 810 పేషెంటు-దినాలు, 6 కొత్త పుండ్లంటే 1000 పేషెంటు-దినాలకు 7.4. ఈ రేటు తప్పక రాయండి, కానీ దాన్నిబట్టి తీర్పు చెప్పకండి. సగటు 6 ఉన్న వార్డులో ఏ మార్పూ చేయకపోయినా 3 లేదా అంతకన్నా తక్కువ వచ్చే నెల దాదాపు ఏడింటిలో ఒకటి ఉంటుంది. ఆ నెలే మీ క్లాసు జరిగితే 'సగానికి తగ్గించాం' అని పోస్టరు వేస్తారు, మూడు నెలల తర్వాత 9 వస్తుంది. దానికి బదులు 'మూడు గంటలు దాటి ఒకే భంగిమలో ఉన్నవాళ్ల శాతం' ప్రధాన కొలత కావాలి. వారానికి ఒక చుక్క చొప్పున గ్రాఫు మీద పెట్టండి. మార్పుకు ముందు కనీసం పది చుక్కలు, తర్వాత పది. ముందటి చుక్కల మధ్యస్థ విలువ (చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేరిస్తే నడిమధ్య పడేది) దగ్గర గీత గీసి, మార్పు తర్వాత వరసగా ఆరు చుక్కలు గీతకు ఒకే పక్కన పడితే అది కాకతాళీయం కాదని నమ్మొచ్చు. దీనికి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు.

ఏ మార్పు చేయాలి? అందరికీ రెండు గంటలు అన్న నియమాన్ని తిరిగి చూడటం దగ్గర మొదలుపెట్టండి. అమెరికా, కెనడాల్లో 27 నర్సింగ్ హోముల్లో 942 మంది మీద జరిగి 2013లో ప్రచురితమైన ట్రయల్‌లో 2, 3, 4 గంటలకోసారి తిప్పినవాళ్ల మధ్య పుండ్లు రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇది చూసి రేపే అందరికీ నాలుగు గంటలు చేయకండి. వాళ్లంతా సాంద్రత ఎక్కువున్న ఫోమ్ పరుపుల మీద ఉన్నారు, మొదలుపెట్టినప్పుడు ఎవరికీ పుండు లేదు, తీవ్రంగా జబ్బుపడిన ఆసుపత్రి పేషెంట్లూ కారు. అందుకని ముందు మీ పరుపు సంగతి తేల్చుకోండి. పేషెంటు పడుకుని ఉండగా త్రికం సరిగ్గా ఉన్న చోట పరుపు కింద అరచెయ్యి పైకి పెట్టి చూడండి. మీ చేతికీ ఒంటికీ మధ్య రెండున్నర సెంటీమీటర్ల మందం కూడా లేకపోతే ఆ పరుపు పని అయిపోయింది. ఎయిర్ బెడ్‌కు కూడా ఇదే పరీక్ష. మోటారు ఆడుతున్నంత మాత్రాన గాలి ఉన్నట్టు కాదు, ఒక పైపు మడత పడితే చాలు. మంచి పరుపు ఉండి, చర్మం శుభ్రంగా ఉండి, మధ్యస్థ ప్రమాదంలో ఉన్నవాళ్లకు డాక్టరుతో మాట్లాడి మూడు గంటలు చేస్తే, మిగిలిన సమయం నిజంగా రెండు గంటలు అవసరమైన నలుగురికి దక్కుతుంది. అందరికీ రాసి ఎవరికీ చేయకపోవడం కన్నా ఇది నయం.

తిప్పే తీరు కూడా చూడాలి. పూర్తిగా 90 డిగ్రీల పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనుక దిండుతో 30 డిగ్రీల వాలు చాలు. ఐర్లండ్‌లో 213 మంది వృద్ధుల మీద చేసి 2011లో ప్రచురించిన ట్రయల్‌లో, రాత్రిపూట మూడు గంటలకోసారి 30 డిగ్రీల వాలులో తిప్పినవాళ్లలో 3 శాతానికి, ఆరు గంటలకోసారి 90 డిగ్రీల పక్కకు తిప్పినవాళ్లలో 11 శాతానికి పుండ్లు వచ్చాయి. కోణం, వ్యవధి రెండూ మారాయి కాబట్టి ఘనత ఏ ఒక్కదానికీ ఇవ్వలేం, కానీ రెండూ మనకు అందుబాటులో ఉన్నవే. వాలు పెట్టాక త్రికం కింద చెయ్యి దూర్చండి. సులువుగా దూరితే సరిగ్గా పెట్టినట్టు. చాలాసార్లు భుజం ఒక్కటే లేచి ఉంటుంది, నడుము కింద భాగం పరుపుకు అతుక్కునే ఉంటుంది. చార్టులో 'ఎ' అని పడుతుంది, ఒత్తిడి మాత్రం 'వె'దే. మడమలకు పిక్క కింద పొడుగ్గా దిండు పెట్టి మడమ గాల్లో తేలేలా, మోకాలు కాస్త వంగేలా ఉంచాలి. గుండ్రటి రింగు దిండ్లు వద్దు, అవి చుట్టూ రక్తప్రసారాన్ని నొక్కేస్తాయి. ఎర్రబడిన చోట మసాజు చేయొద్దు. తల వైపు 30 డిగ్రీలకు మించి లేపితే ఒళ్లు కిందికి జారి చర్మం లోపల ఒరుసుకుంటుంది. అయితే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు న్యుమోనియా భయంతో 30 నుంచి 45 డిగ్రీలు ఉంచాల్సి వస్తుంది. అక్కడ ముందు మోకాళ్ల దగ్గర మంచం కాస్త ఎత్తి, తర్వాత తల ఎత్తాలి.

నర్సుల నడుము సంగతి మీ పరిశోధనలో ఉండి తీరాలి. చేతులతో పేషెంటును ఎత్తడానికి సురక్షిత పరిమితిగా అమెరికాలో సూచించిన బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు. ఎదిగిన మనిషి కాళ్లు రెండూ కలిపితేనే ఆ పరిమితి దాటొచ్చు. నున్నటి స్లైడ్ షీటు ఉంటే లాగడానికి బలం తక్కువ పడుతుంది, పేషెంటు చర్మమూ ఒరుసుకోదు. నడుము నొప్పితో సెలవు పెట్టిన రోజులు, స్లైడ్ షీటు ఏ షిఫ్టులో అందుబాటులో ఉంది, డ్యూటీ అసలు ఎన్ని గంటలకు ముగిసింది, ఇవి రాసుకోండి. 2004లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో పని పన్నెండున్నర గంటలు దాటిన షిఫ్టుల్లో పొరపాటు జరిగే అవకాశం దాదాపు మూడు రెట్లు అయింది. రోస్టరు మీద 12 రాసి ఉన్నా, తర్వాతి షిఫ్టుకు పని అప్పగించే హ్యాండోవర్‌తో కలిపి మీ దగ్గర ఎంతవుతోందో చూడండి.

నర్సుల సంఖ్య గురించి యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనాలు పనికొస్తాయి. 2002లో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో, 2014లో యూరప్‌లోని 9 దేశాల 300 ఆసుపత్రుల్లో సర్జరీ పేషెంట్లను చూస్తే, ఒక నర్సుకు ఒక పేషెంటు అదనంగా చేరిన కొద్దీ 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరిగినట్టు తేలింది. దీన్ని నూటికి ఏడుగురు అదనంగా చనిపోతారని చదివే ప్రమాదం ఉంది. 100కు 2 మరణాలు ఉండే చోట అది దాదాపు 2.1 అవుతుందని అర్థం. పైగా ఇవి పరిశీలన అధ్యయనాలు, సంబంధం చూపిస్తాయి కానీ కారణాన్ని ఒంటరిగా నిరూపించవు. మీ ఒక్క వార్డులో మరణాలమీద ఏదీ చూపించలేరు, ప్రయత్నించొద్దు. నర్సులు ఇద్దరున్న గంటల్లో ఎంతమంది తిరగకుండా ఉండిపోయారు, ముగ్గురున్న గంటల్లో ఎంతమంది అన్నది మాత్రం మీ రౌండ్ల కాగితం నుంచే వస్తుంది.

చివరగా అనుమతుల సంగతి. ఎథిక్స్ కమిటీకి రాసేటప్పుడు ఒక విషయం స్పష్టంగా పెట్టండి: పరిశీలకురాలు ఎర్రబడ్డ చర్మం చూసినా, పేషెంటు నాలుగు గంటలుగా అలాగే ఉన్నట్టు గమనించినా, ఆ రౌండుకు అక్షరం రాసేసుకుని వెంటనే వార్డు నర్సుకు చెప్పాలి, అవసరమైతే తనే ఒక చెయ్యి వేయాలి. అంకె పాడవుతుందని ఊరుకోకూడదు. అలా చెప్పిన సందర్భాలు విడిగా గుర్తు పెట్టుకుంటే లెక్క చెడదు. కాగితాల మీద నర్సుల పేర్లు ఎక్కడా ఉండకూడదు, షిఫ్టు నంబరు చాలు. ఈ అంకెలు క్రమశిక్షణ చర్యకు వాడబోమని యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా తీసుకుని, మొదటి రౌండుకు ముందే వార్డులో అందరికీ చదివి వినిపించండి. ఆ హామీ లేకపోతే పరిశీలకురాలు కనబడగానే తిప్పడం మొదలవుతుంది, పాత చార్టులో లాగే మీ కాగితం మీద కూడా పది మందీ 10.00కే తిరుగుతారు.